శిలాఫలకానికి రెండో బహుమతి

మీలో చరిత్ర పాఠాలు చెప్పే కుర్ర మాస్టర్లు ఎవరైనా ఉంటే ఒక మాట ముందే చెప్తున్నాను. ఎప్పుడో ఒకప్పుడు మిమ్మల్ని కూడా జడ్జిగా పిలుస్తారు. జడ్జి అనగానే నల్లకోటు ఊహించుకోకండి. విద్యార్థుల చరిత్ర ప్రాజెక్టుల పోటీకి న్యాయనిర్ణేత అన్నమాట. జీతం ఉండదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పులిహోర పొట్లం, సాయంత్రం ఒక శాలువా. భద్రాచలం ఎండలకు శాలువా ఎందుకని ఎవరూ అడగరు. మా ఇంట్లో కుట్టుమిషను మీద ఒకటి, టీవీ మీద ఒకటి, గ్రైండరు మీద ఒకటి కప్పి ఉండేవి. "మీ పుణ్యమా అని మన ఇంట్లో ఏ మిషనుకూ చలి బాధ లేదు" అనేది మా ఆవిడ.

నేను భద్రాచలంలో జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. రెండు వేల సంవత్సరం దాటాక ఒక పదేళ్లపాటు ఏటా ఈ పోటీలకు వెళ్లాను. అప్పటికే కాలేజీలో చరిత్ర గ్రూపు తీసుకునే పిల్లలు తగ్గిపోతున్నారు. ఇంకెక్కడా సీటు రానివాళ్లు నా క్లాసులో కూర్చుని కిటికీలోంచి చూస్తుండేవాళ్లు. ఏడాదికి ఒక్కరోజైనా మైకు పట్టుకుని ఎవరో ఒకరు "చరిత్ర చాలా ముఖ్యం" అంటుంటే చెవులారా వినాలని ఉండేది. ఆ ఒక్క ఆశతోనే వెళ్లేవాణ్ణి.

వెళ్తే అక్కడ కనిపించేది చరిత్ర కాదు, థర్మోకోల్. ఖమ్మంలో పెళ్లి స్టేజీలు డెకరేషన్ చేసే ఒకాయన ఉండేవాడు. మాఘమాసంలో మండపాలు, మిగతా రోజుల్లో ప్రాజెక్టులు. ప్రైవేటు స్కూళ్లన్నీ ఆయన దగ్గరికే పోయేవి. ఒక ఏడాది ఆయన నాలుగు స్కూళ్లకు ఖమ్మం ఖిల్లా చేసిచ్చాడు. ఎవరికి వాళ్లు తమదొక్కటే అనుకున్నారు. పోటీ రోజు హాల్లో నాలుగు కోటలు వరసగా కొలువుదీరాయి. ఒకే బురుజులు, ఒకే గులాబీ రంగు. ఒకదానికి పెళ్లివాళ్ల సీరియల్ బల్బులు మిగిలితే చుట్టారు, అది మిలమిలా మెరుస్తోంది. నలుగురు మాస్టర్లు కాపీ కొట్టారంటూ ఒకరి మీద ఒకరు కలబడ్డారు. ఆ బల్బుల కోట దగ్గర నిలబడ్డ పిల్లవాణ్ణి "ఈ కోట ఎవరు కట్టించారు?" అని అడిగాను. "డెకరేషన్ అంకుల్ సార్" అన్నాడు. నిజం చెప్పాడు కాబట్టి మార్కు వేశాను.

నేను చెప్పబోయేది ఆ ఏడాది సంగతే. జిల్లా పోటీ వంతు ఆసారి భద్రాచలానికి వచ్చింది. జనవరి చివర, ఒక హైస్కూలు హాల్లో పెట్టారు. బోనకల్, మధిర వైపు పిల్లలు చీకటితో బస్సెక్కి వచ్చారు. జడ్జీలం ముగ్గురం. నేనొకణ్ణి. రెండో ఆయన మధిర దగ్గర హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఎర్ర పెన్నుతో మార్కులు వేసేవాడు. వేశాక ఆ కాగితం మీద ఉఫ్ అని ఊదేవాడు. ఇంకు ఆరిందంటే ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ అంకె మారదు. మూడో ఆమె ఖమ్మం నుంచి వచ్చిన జువాలజీ లెక్చరర్. చరిత్రవాళ్లు దొరక్క ఆమెను పంపారు. "నాకు కప్పలు తెలుసు గాని కాకతీయులు తెల్వదు సార్, మీరు ఎట్లంటే అట్ల" అని వస్తూనే చెప్పేసింది. మేం ముగ్గురం చరిత్రను తూకం వేయాలి.

పోటీ నడిపేది ఒక కన్వీనరు. హుషారైన మనిషి, చెమటలు కక్కుతూ తిరుగుతుండేవాడు. ఆయన చెమటకు కారణం ముఖ్య అతిథి. ఆ రోజు సాయంత్రం బహుమతులు ఇవ్వడానికి ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడు. ఆయన పదవి చెప్పను, పార్టీ చెప్పను. రెండూ తర్వాత మారాయి కూడా.

గోదావరి వంతెనలూ పర్ణశాల కుటీరాలూ దాటుకుంటూ మేం చివరి బల్ల దగ్గరికి వచ్చేసరికి కన్వీనరు మాకంటే ముందే అక్కడ నిలబడి ఉన్నాడు. బల్ల మీద థర్మోకోల్ ముక్క లేదు. వెనక గోడకు నాలుగు పెద్ద కాగితాలు అంటించి ఉన్నాయి. నల్లటి కాగితాల మీద తెల్లటి అక్షరాలు. పక్కన ఒక చార్టు. ముందు చర్ల వైపు అడవి లోపలి గిరిజన ఊళ్ల పిల్లలు చదివే ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తొమ్మిదో తరగతి. రెండు జడలు, చేతివేళ్లకు ఇంకా బొగ్గు మసి.

ఆ కాగితాలు ఏమిటో నాకు చూడగానే తెలిసిపోయింది. రాతి శాసనం మీద కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే చెక్కిన అక్షరాలు తెల్లగా మిగులుతాయి. శాసనానికి అచ్చు తీయడం అంటారు దాన్ని. అంతకు ముందు ఏడాది సోషల్ మాస్టర్ల ట్రైనింగులో నేనే నేర్పాను. ఆ రోజు సగంమంది నిద్రపోయారు. నిద్రపోని ఒక మాస్టరు ఈ అమ్మాయి వెనకే నిలబడి నాకు దండం పెట్టాడు.

"ఇవి ఏందమ్మా?" అన్నాను.

"శాసనాలు సార్."

"ఏ రాజుల కాలంవి?"

"ఇంకా ఉన్నరు సార్" అంది.

దగ్గరికి వెళ్లి చదివాను. అవి శాసనాలు కావు, శంకుస్థాపన ఫలకాలు. వాళ్ల ఊరికి రోడ్డు వేస్తామని నలుగురు నాయకులు నాలుగుసార్లు వేసిన రాళ్లు. ఆ అమ్మాయి నాలుగింటికీ పొయ్యి బొగ్గుతో అచ్చు తీసింది. "గౌరవనీయులైన" అనే మాట ప్రతి కాగితం మీదా తెల్లగా మెరుస్తోంది. నాలుగో కాగితం మీద, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, సాయంత్రం రాబోయే ముఖ్య అతిథి పేరు.

చార్టు మీద ఒక పట్టిక గీసింది. శాసనం వేయించినవారు, ఎక్కడ ఉంది, ఉపయోగం. మొదటి రాయి తారురోడ్డు పక్కన పడిపోయింది. ఉపయోగం: బట్టలు ఉతుకుతారు. రెండోది కొంచెం లోపల. ఉపయోగం: ఇప్పపువ్వు ఆరబోస్తారు. మూడోది సగం విరిగింది. ఉపయోగం: రేషను షాపుకు మెట్టు. నాలుగోది వాగుకు ఇవతల మైదానంలో నిటారుగా ఉంది, ఉపయోగం: వికెట్లు.

జువాలజీ మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హెడ్మాస్టరు గారు మాత్రం నవ్వలేదు. ఆయన పద్ధతి ప్రకారం ప్రశ్నలు మొదలుపెట్టారు.

"రోడ్డెందుకు పడలేదో కారణం రాశావా అమ్మా?"

"రాసిన సార్. ఆఫీసోళ్లు అడవి లోపలోళ్ల పేరు, అన్నల పేరు చెప్తరు. లోపలోళ్లు పోలీసోళ్ల పేరు చెప్తరు. కాంట్రాక్టరు వానల పేరు చెప్తడు."

"ఈ అంశం ఎందుకు ఎంచుకున్నావు?"

పొద్దుటినుంచీ ఈ ప్రశ్నకు ప్రతి బల్ల దగ్గరా "మన సంస్కృతిని కాపాడుకోవడానికి" అనే జవాబు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఈ పిల్ల ఒక క్షణం వాళ్ల మాస్టరు వైపు చూసి చెప్పింది.

"మా అక్క కోసం సార్. పోయిన వానల్ల అక్కకు నొప్పులొచ్చినయి. మంచం కట్టి మోసుకొచ్చిండ్రు. వాగు నిండుగ పోతున్నది. నీళ్లు తగ్గేదాక ఒడ్డు మీదనే దించిండ్రు. అక్కడనే పాప పుట్టింది. బతకలే. ఇప్పుడు మళ్ల కడుపుతోని ఉంది. మృగశిర కార్తెల కాన్పు అంటున్నరు. అక్క మళ్ల గా వాగు కాడికి రానంటున్నది సార్. ఇంట్లనే చస్త అంటున్నది."

పక్కన బల్బుల కోట మిలమిలలాడుతూనే ఉంది.

హెడ్మాస్టరు గారు మార్కుల కాగితం తిప్పారు. "ముగింపు చదువమ్మా" అన్నారు. ప్రతి ప్రాజెక్టుకూ చివర ముగింపు ఉండాలి, దానికి వేరే మార్కులు.

ఆ అమ్మాయి చార్టు కింది వరస మీద వేలు పెట్టి చదివింది. "రాయి ఎంతదూరం వస్తే బండ్లు అంతదూరం వచ్చినవి. ఇదే నేను ఈ చరిత్రలో తెలుసుకున్నది."

పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకున్నారు. "రోడ్డే పడలేదని పైన రాశావు కదమ్మా. మరి బండ్లెలా వచ్చాయి?"

ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. ఇంతలో కన్వీనరు మధ్యలో దూరి "టైమైతున్నది సార్, జల్దీ కానియ్యండి" అన్నాడు. పెద్దాయన ముగింపు గడిలో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఉఫ్ అని ఊదారు.

స్టాఫు రూములో తలుపు వేసుకుని లెక్క చూసుకున్నాం. నేనూ మేడమూ ఆ అమ్మాయికే ఎక్కువ వేశాం. పెద్దాయన కూడా మిగతా అన్నిటికీ బాగానే వేశారు. కానీ ఆ సున్నా వల్ల మొత్తం కూడితే బల్బుల కోట ఒక వెంట్రుకవాసి ముందుకొచ్చింది.

"మాస్టారూ, ఆ సున్నా ఒక్కసారి ఆలోచించండి" అన్నాను.

"ఏం ఆలోచించమంటారండీ? రోడ్డు లేదంటుంది, బండ్లొచ్చాయంటుంది. రాయికి కాళ్లున్నట్టు రాసింది. పరస్పర విరుద్ధం. ముగింపంటే పైన చెప్పినదానికి అతకాలి కదండీ."

"పాపం భయపడి ఎవరో రాయించి ఉంటరు సార్" అంది మేడం. "పైనంతా తిట్టినట్టుంది గద, కిందనన్న కొంచెం పొగుడుదామని."

నా అనుమానం ఇంకొకటి. తెలుగు ఆ పిల్ల ఇంటి భాష కాదు, ఏదో చెప్పాలనుకుని ఏదో రాసి ఉంటుందని. మొత్తానికి ఆ ముగింపుకు మేం ముగ్గురం మూడు రకాల అర్థాలు చెప్పుకున్నాం. వెళ్లి ఆ పిల్లనే అడుగుదామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఇంకు ఆరిపోయింది. కోట మొదటిది, శిలాఫలకాలు రెండోవి అయ్యాయి.

ఫలితం చెప్పగానే కన్వీనరు కుర్చీలో కూలబడి "దేవుడున్నడు సార్" అన్నాడు. మొదటి బహుమతి వస్తే ఆ ప్రాజెక్టు హైదరాబాదు పోతుంది, పేపర్లో పడుతుంది, తన బదిలీ ఏ కిన్నెరసాని అడవుల్లోకో అవుతుందని ఆయన భయం. "అతిథిగారు వచ్చేలోపు ఆ కాగితాలు గోడ మొహానికి తిప్పేస్త. రెండో బహుమతి అంటే బహుమతే గద. పాము చావదు, కర్ర విరగదు" అన్నాడు.

అయితే నాయకులెప్పుడూ ఆలస్యంగానే వస్తారనే ఆయన నమ్మకం ఆ రోజు దెబ్బతిన్నది. ముఖ్య అతిథి గంట ముందే వచ్చేశాడు. ఎక్కడో పెళ్లి భోజనం త్వరగా అయిందట. మేం స్టాఫు రూములోంచి బయటికి వచ్చేసరికే తెల్లబట్టల గుంపు హాల్లో నడుస్తోంది. నాలుగు కోటల ముందు ఆయన నాలుగుసార్లు "బాగున్నది, బాగున్నది" అన్నాడు. తర్వాత చివరి బల్ల దగ్గర ఆగిపోయాడు.

ఆశ్రమ పాఠశాల మాస్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. కన్వీనరు పరుగున పోయి చార్టుకు ఆనుకుని, ఏదో వివరిస్తున్నట్టు చెయ్యి చాపి "ఉపయోగం: వికెట్లు" అన్నచోట అరచెయ్యి ఆనించాడు. అంత అందంగా నిలబడ్డ మనిషిని నేను ఎగ్జిబిషన్లలో చూడలేదు.

నాయకుడు నాలుగో కాగితాన్ని పైనుంచి కిందికి చదివాడు. తన పేరు దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఇది ఎవరు చేసిండ్రమ్మా?"

"నేనే సార్."

"ఏందిది?"

"శాసనం సార్."

ఆయన వెనక్కి తిరిగి తన మనుషుల వైపు చూశాడు. మొహం వెలిగిపోతోంది. "చూసిండ్రా? మనం ఎన్నడో అడవిల ఏసిన రాయి. మన పార్టీ ఆఫీసుల ఒక్కడు గుర్తు పెట్టుకోలే. గీ పిల్ల పోయి శాసనమని పట్టుకొచ్చింది. రాజుల పక్కన పెట్టింది మనల్ని" అన్నాడు. ఫొటోగ్రాఫర్ని పిలిచి ఆ కాగితం పక్కన నిలబడి ఫొటో దిగాడు. పక్కన మిగిలిన మూడు రాళ్లు ఎందుకున్నాయో, నాలుగు రాళ్లున్నా రోడ్డెందుకు లేదో ఆయన మనసు అంతదూరం పోలేదు. పోనక్కర్లేదు కూడా. కన్వీనరు చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

"దీనికేం ప్రైజొచ్చింది?" అన్నాడు నాయకుడు.

"రెండోది సార్" అన్నాడు కన్వీనరు.

"రెండోదా? ఎవరయ్యా జడ్జీలు? ఫస్ట్ ఇయ్యాలె దీనికి."

అప్పుడు చూడాలి మా పరిస్థితి. పొద్దుటినుంచీ ఆ మాటే అనడానికి నేను తంటాలు పడ్డాను. నా తీర్పుతో ఆ హాల్లో ఏకీభవించిన పెద్దమనిషి ఆయనొక్కడే, అదీ పూర్తిగా తప్పుడు కారణంతో. అవునండీ అనాలని నాలుక దాకా వచ్చింది. నా కంటే ముందు హెడ్మాస్టరు గారు ముందుకొచ్చి చేతులు జోడించారు.

"కుదరదండీ. మార్కులు వేసేశాం. ఇంకు ఆరిపోయింది."

నాయకుడి మనుషులు గుర్రుమన్నారు. పెద్దాయన కదల్లేదు. చేతులు జోడించే ఉన్నాయి, మెడ మాత్రం వంగలేదు. నాయకుడు ఆయన్ని ఒక్కసారి ఎగాదిగా చూసి నవ్వేశాడు. "సరే పెద్దమనిషీ, నీ మార్కులు నీ దగ్గరనే ఉంచుకో" అని అమ్మాయి వైపు తిరిగాడు. "బిడ్డా, ఫస్ట్ ప్రైజు నా చేతుల లేదంట. ఇంకేమన్న కావాలంటే అడుగు. స్టేజి మీద అడుగు, అందరి ముందట ఇస్త."

సభ మొదలైంది. రెండో బహుమతికి ఆ అమ్మాయిని పిలిచారు. ఒక స్టీలు టిఫిన్ క్యారియరు చేతికిచ్చి నాయకుడు మైకు ఆ పిల్ల నోటి దగ్గర పెట్టాడు. మాస్టరు కళ్లు మూసుకున్నాడు. నేను మనసులో అంటున్నాను, రోడ్డు అడుగమ్మా, రోడ్డు అడుగు అని.

"సార్, మా ఊరికి ఇంకో రాయి వెయ్యాలె" అంది ఆ అమ్మాయి. "ఇంతకుముందు అందరు వాగుకు ఇవతలనే ఏసి పోయిండ్రు. మీరు వాగు దాటి మా ఊళ్లె ఏయాలె. వానలు రాకముందే ఏయాలె సార్."

హాలంతా పకపకా నవ్వింది. నాయకుడు కూడా నవ్వాడు. రోడ్డు అడుగుతుందని గుండె దిటవు చేసుకుని నిలబడ్డ మనిషి ఆయన, రాయి అనేసరికి ప్రాణం లేచొచ్చింది. "ఏస్త బిడ్డా. మీ ఊరు నడిమిట్ల ఏస్త" అని మైకులో మాటిచ్చాడు. చప్పట్లు మోగాయి. నాకు మాత్రం ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద కోపమే వచ్చింది. దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమంటే చెప్పులు అడిగినట్టుంది అనుకున్నాను. ఇంటికెళ్లి మా ఆవిడతో కూడా అదే అన్నాను. ఆ ఏడాది శాలువా మిక్సీకి దక్కింది.

తర్వాత ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. నాయకుడు రాలేదు. ఆశ్రమ పాఠశాల మాస్టరు భద్రాచలం వచ్చినప్పుడల్లా మా ఇంట్లో టీ తాగి పోయేవాడు. "వారం వారం అడుగుతున్నది సార్, తారీఖు వచ్చిందా అని. మిగిలిన పిల్లలు మార్కులు అడుగుతరు, ఈ పిల్ల రాయి అడుగుతది" అనేవాడు. అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగదంటారు కదా, మృగశిర కార్తె అసలే ఆగదు. అందుకని కన్వీనరుకు ఫోను చేశాను. ఆ ఫొటో పేపర్లో పడ్డప్పటినుంచీ ఆయన నాయకుడికి దగ్గరివాడైపోయాడు. మొత్తానికి రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, తారీఖు కుదిరింది.

జడ్జీలు కూడా రావాలని ఆ అమ్మాయి కబురు పెట్టింది. జువాలజీ మేడం రాలేనంది. మధిర హెడ్మాస్టరు గారు మాత్రం ముందు రోజే బస్సులో దిగారు. "ఆధారాలు కళ్లతో చూడకుండా మార్కులు వేశాం కదండీ. ఒకసారి చూసొద్దాం" అన్నారు. మాస్టరు ఒక జీపు కిరాయికి మాట్లాడాడు.

చర్ల దాటి తారురోడ్డు వదలగానే డ్రైవరు ఆశ్చర్యపోయాడు. "అరె, ఈ దారిల ఎన్నడు సైకిలు కూడ సక్కగ పోలే" అన్నాడు. ముందు రెండు వారాలుగా ఆ దారి మీద డోజరు తిరిగిందట. ఎత్తుపల్లాలు చదును చేసి మొరం పోశారు. పోలీసులు మందుపాతరల కోసం అంగుళం అంగుళం వెతుక్కుంటూ పోయి రెండు పక్కలా పొదలు కొట్టించారు. దారిలో ఒక్కొక్క రాయీ కనిపించింది, బట్టలు ఉతికేది, ఇప్పపువ్వు ఆరబోసేది. మెట్టుగా మారిన సగం రాయి దగ్గర పెద్దాయన జీపు ఆపించి, దిగి, అక్షరాలు తడిమి చూసి మళ్లీ ఎక్కారు. వాగు దగ్గర సిమెంటు పైపులు వరసగా పరిచి పైన మట్టి పోసి గట్టు కట్టారు. నాయకుడి కారు కింద తగలకుండా మట్టిని రోలరుతో అణిచారు కూడా. మా జీపు దాని మీదుగా మెత్తగా అవతలికి వెళ్లింది. ఆ ఊళ్లోకి నాలుగు చక్రాల బండి పోవడం చిన్నపిల్లలు అదే మొదటిసారి చూడటం.

సభ పావుగంటలో ముగిసింది. కొబ్బరికాయ, పసుపు పచ్చ తెర, తాడు లాగితే రాయి. నాయకుడు తన పేరు చదువుకుని, చెమట తుడుచుకుని, కార్ల వరసతో దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు. దుమ్ము తగ్గాక చూస్తే ఆ అమ్మాయి అప్పుడే కాగితం పరిచి కొత్త రాయికి అచ్చు తీస్తోంది. అక్షరాల్లో రంగు ఇంకా ఆరలేదేమో, కాగితానికి బొగ్గుతో పాటు పచ్చరంగు కూడా అంటుతోంది.

నేను పక్కన కూర్చుని మనసులో మాట అడిగేశాను. "అంతమందిలో నిన్ను ఏం కావాలో అడుగుమంటే రాయి అడిగావేమ్మా? రోడ్డు అడగొచ్చు కదా?"

ఆమె రుద్దడం ఆపలేదు. "రోడ్డు అడిగితే ఇయ్యరు సార్. మా తాత అడిగిండు, మా నాయన అడిగిండు. రాయి అడిగితే ఇస్తరు. రాయి ఎయ్యాలంటే వాళ్ల కారు రావాలె. కారు రావాలంటే దారి చెయ్యాలె. ఆ దారి వాన పడేదాక ఉంటది. వెనకట నాలుగు సార్లు గట్లనే అయింది. రాయి ఎక్కడి దాకొస్తే అక్కడి దాక బండ్లొచ్చినయి. ముగింపుల రాసిన గద సార్."

నేను తలెత్తి హెడ్మాస్టరు గారి వైపు చూశాను. ఆయన విన్నారు. దారి దాకా నడిచి వెళ్లి మొరాన్ని కాలితో తట్టి చూశారు. నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వేలోపే కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పాను, చరిత్ర తెలుసుకుంటే రేపేం జరుగుతుందో తెలుస్తుందని. పరీక్షలో రాయడానికి చెప్పానే తప్ప, నమ్మి చెప్పలేదు.

అప్పటికి వాళ్ల అక్క మూట కట్టుకుని గుమ్మంలో సిద్ధంగా కూర్చుని ఉంది. నెలలు నిండిన మనిషి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. భద్రాచలంలో దవాఖానా దగ్గరే వాళ్ల బంధువుల ఇల్లుందట, కాన్పు అయ్యేదాకా అక్కడే ఉంచుతారట. ఏ బండిలో తీసుకుపోతారని అడిగాను. అమ్మాయి మా జీపు వైపు చూసింది. జడ్జీలను ఎందుకు పిలిచిందో అప్పుడు అర్థమైంది. శాలువా కప్పడానికి కాదు.

తల్లీ కూతుళ్లు వెనక కూర్చున్నారు. పెద్దాయన ఆ రోజు సభలో తనకు కప్పిన శాలువాను మడతలు పెట్టి అక్క నడుం వెనక సర్దారు. వాగు దగ్గరికి రాగానే ఆమె కళ్లు మూసుకుని వాళ్లమ్మ భుజంలో మొహం దాచుకుంది. "మెల్లగా పోనివ్వు నాయనా" అన్నారు పెద్దాయన డ్రైవరుతో. పైపుల మీదుగా జీపు ఇవతలికొచ్చాక, "దాటినం బిడ్డా" అంది తల్లి. ఆమె కళ్లు తెరిచి వెనక్కి తిరిగి వాగును చూసింది.

తారురోడ్డు ఎక్కాక హెడ్మాస్టరు గారు నన్ను అడిగారు. "హైదరాబాదు పోయిన కోట ఏమైందండీ?"

"తిరిగొచ్చింది మాస్టారూ. డెకరేషన్ ఆయన తీసుకుపోయి పెళ్లి రిసెప్షన్‌లో పెట్టాడట."

ఆయన జేబులో ఎర్ర పెన్ను ఒకసారి తడిమి చూసుకున్నారు. మరి తీయలేదు. ఆ తర్వాత ఏ పోటీకి పిలిచినా ఆయన పిల్లల్ని ముగింపు గురించే ముందు అడిగేవారు, జవాబు పూర్తయ్యేదాకా ఆగేవారు. కన్వీనరు గడియారం చూపిస్తే "మీరు కూర్చోండి" అనేవారు.

మృగశిర ప్రవేశించిన రెండో వానకే పైపులు కొట్టుకుపోయాయి. మొరం బురదైంది. నాకు తెలిసినంతవరకు చాలా ఏళ్లు ఆ ఊరికి ఆ రాయి తప్ప ఇంకేమీ మిగల్లేదు.

వానలు గట్టిపడ్డాక ఒకరోజు ఆశ్రమ పాఠశాల మాస్టరు చుట్టచుట్టిన కాగితం ఒకటి మా ఇంటికి తెచ్చాడు. ఐదో శాసనం అచ్చు. నల్లటి కాగితం మీద తెల్లటి "గౌరవనీయులైన", అక్కడక్కడా పచ్చరంగు మరకలు. ఇప్పటికీ మా ముందుగదిలో గోడకు ఉంది. వచ్చినవాళ్లు ఏ రాజుదని అడుగుతుంటారు. నేను కిందికి చూడమంటాను. అడుగున ఆ అమ్మాయి, తన పట్టికలో మిగతా నాలుగు రాళ్లకూ రాసినట్టే, దీనికీ ఒక వరస రాసింది.

ఎక్కడ ఉంది: మా ఊరి నడుమ.

ఉపయోగం: మా అక్క కూతురు.